ఎనకాల తోటేదీ

టెక్కలిలో నాది ఫొటో స్టూడియో.
పాస్‌పోర్టు సైజువి ఎనిమిది, అరగంటలో.
ముహూర్తాల రోజుల్లో
"గడ్డం కాస్త పైకి, నవ్వండి" అని
పదహారేళ్లుగా చెబుతూనే ఉన్నాను.
చెప్పగానే ఎవరూ నవ్వరు,
చెప్పడం అయిపోయాక నవ్వుతారు.
ఆ రెండో క్షణం మీదే నా బతుకు.

పిట్టలకి ఏం చెప్పాలో తెలీదు.

వీటిని సముద్రం ఒడ్డున చూశాను, భావనపాడు ఇసకలో,
నౌపడ ఉప్పుమళ్ల గట్ల మీద,
గుంపుగా దిగి గుంపుగా లేస్తాయి
ఎవరో దుప్పటి దులిపినట్టు.
జీడితోటలో ఒంటరిగా ఒకటుందంటే నమ్మలేదు.
"ఉంది బావూ, మా గోతిలో ఉంది" అంది దాలమ్మ,
పిక్కలు కొట్టి నల్లబడ్డ వేళ్లతో దారి చూపిస్తూ.

ఆ గొయ్యి తుఫాను తవ్వింది.
ఆ రాత్రి గాలికి ముప్ఫయ్యేళ్ల చెట్టు
వేళ్లతో సహా లేచి
నిద్రలో ఒత్తిగిల్లిన మనిషిలా పక్కకి పడుకుంది.
లేచిన చోట నీళ్లు నిలిచాయి.
నీళ్లలో ఆకులు కుళ్లాయి.
ఆకుల కింద పురుగు పుట్టింది.
ఎక్కడో మంచుదేశంలో బయల్దేరిన ముక్కుకి
ఈ పురుగు సంగతి ఎవరు చెప్పారో.

తర్వాత సర్కారోళ్లు మొక్కలిచ్చారు, గోతికి ఒకటి చొప్పున.
దాలమ్మ నలభై ఒక్క గోతులు పూడ్చి
నలభై ఒక్క మొక్కలు నాటింది.
నలభై రెండోదాన్ని మేక తినేసిందని
కాయితంలో రాయించింది.

తెల్లారగట్ల వెళ్లాను. జీడిపూత వాసన.
ఆకుల మీంచి మంచు చొక్కా కాలర్లోకి.
బోర్లా పడుకున్నాను,
చీమలు నన్ను కనిపెట్టేదాకా, కనిపెట్టాక కూడా.
అద్దెకి తెచ్చిన పెద్ద లెన్సు, రోజుకి పన్నెండొందలు,
మోచేతుల మధ్య పసిబిడ్డంత బరువు.

వచ్చినట్టు తెలీలేదు.
ఆకుల్లో ఒక ఆకు నడిచింది.
గోధుమరంగు వీపు మీద బియ్యప్పిండి చిలకరించినట్టు చుక్కలు,
కంటి మీద తెల్లటి గీత, పల్చని పసుపు కాళ్లు,
నీళ్లలో దాని బొమ్మ దానికంటే నిలకడగా.
తోక మాత్రం ఆగదు.
ఎవరూ ఏమీ అడక్కుండానే
ఔనౌనంటూ ఊపుతూనే ఉంది.
పుస్తకాల్లో ఉల్లంకి.
దాలమ్మకి ఊగులాడి.

మూడొందల పదకొండు తీశాను. ఒకటి కుదిరింది:
ముక్కు చివర నీటిబొట్టు,
బొట్టులో తలకిందులుగా ఆకాశం.
నా పదహారేళ్లలో అలాంటిది లేదు.

కెమెరా తెర మీద చూపించాను.
దాలమ్మ కళ్లు చికిలించింది.
"పిట్ట బాగుంది. ఎనకాల తోటేదీ?"

లేదు. నిజంగానే లేదు.
లెన్సు తోటంతా కరిగించి పచ్చటి పెరుగు చేసింది.
అది ఏ దేశపు చెరువైనా కావచ్చు,
నా స్టూడియో గోడకి వేలాడే తెరైనా కావచ్చు.
"వెనకాలది అలా పోవాలమ్మా, అదే గొప్ప" అన్నాను.
"పోయింది సాల్దేటి బావూ" అంది.

మర్నాడు పెళ్లిళ్లకి వాడే చిన్న లెన్సు తగిలించాను.
పడిపోయిన మాను, పక్కనించి మళ్లీ లేచిన కొమ్మ,
కొమ్మ మీద దాలమ్మ ఆరేసిన గోనెసంచి,
ఎర్రెర్రగా పూత,
నలభై ఒక్క మొక్కల్లో కనిపించినవి తొమ్మిది,
గొయ్యి, గోతిలో ఆకాశం ముక్క,
ఆ ముక్క అంచున
నువ్వుగింజంత ఊగులాడి.
తోక కాస్త చెదిరింది. చెదరనీ.

పెద్ద సైజులో వేయించి ఇచ్చాను.
దాలమ్మ వేలు ముందు మాను మీద ఆగింది, చాలాసేపు.
తర్వాత గోనె మీద,
"సీ, ఇది తీసెయ్యమని సెప్పకపోయావా" అంటూ.
ఆఖరికి పిట్ట మీద.

"ఎండలు ముదిరితే ఇది ఎలిపోద్ది గదా" అంది,
"ఇందులోది ఎలిపోదు.
మరి ఆ గొయ్యి
నానెప్పుడు పూడ్సాలి?"